డాక్ వెయ్యని ఏడు

ఆ ఏడు సరస్సు మీద మంచు మే రెండున విడిపోయింది. టౌన్‌షిప్ నుంచి ఉత్తరం పదకొండున వచ్చింది. మధ్యలో ఉన్న ఆ కాసిని రోజులే మా ఇంట్లో ఆ వేసవికి నిమ్మళంగా గడిచినవని తర్వాత తెలిసింది.

ఉత్తరం వచ్చేసరికి మా ఆయన కర్ట్ నడుముదాకా నీళ్ళలో ఉన్నాడు. మా రోడ్డు మీద అందరూ మే రెండో శనివారమే డాకులు దించుతారు. చలికాలమంతా ఒడ్డున పేర్చి ఉంచిన చెక్క బల్లలను ఒక్కొక్కటిగా నీళ్ళలోకి మోసుకెళ్ళి, ఇనప కాళ్ళ మీద నిలబెట్టి, ఒకదానికొకటి బిగిస్తారు. పడవలు దాని చివర కట్టుకుంటారు. అక్టోబరులో మళ్ళీ అన్నీ పైకి లాగేస్తారు, లేకపోతే మంచు వాటిని అగ్గిపుల్లల్లా విరిచి పారేస్తుంది. ఒక ఇంటి డాక్ అయ్యాక అందరూ కలిసి పక్కింటికి నడుస్తారు. ఇక్కడ ఎవరి డాక్ వాళ్ళొక్కరే వేసుకోవడం, తీసుకోవడం ఉండదు.

ఒడ్డున కాఫీ ఫ్లాస్కుతో హిల్యా మామ్మ నిలబడి ఉంది. మాకు ఎడమపక్క ఇల్లు ఆమెది. ఎనభై నాలుగేళ్ళు.

"ఇంకో అంగుళం ఎడమకి. ఎడమంటే ఎడమేరా కర్ట్. మీ తాతా ఇంతే, కుడిచెయ్యేదో చూపించి చెప్పాల్సొచ్చేది."

"తాతని కూడా ఇలాగే వేపుకు తిన్నావా మామ్మా?"

"ఆయన వినేవాడు. అదే తేడా."

కుడిపక్క ఇంటాయన ప్రూయిట్ తన హద్దు దగ్గర పొడవాటి టేపు పట్టుకుని నిలబడ్డాడు. నగరంలో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరై, రెండేళ్ళ కిందట ఆ ఇల్లు కొనుక్కున్నాడు. చేతిలో టేపు ఉన్నా ఏమీ కొలవడం లేదు. కొలవడం అప్పటికే అయిపోయి ఉంటుంది.

నేను మెట్ల మీద కూర్చుని, సెల్మా లైఫ్‌జాకెట్ పట్టీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఉత్తరం విప్పాను. సెల్మాకి అప్పుడు మూడో ఏడు నిండబోతోంది. మంచు కరిగిన రోజు నుంచి మంచు కట్టే రోజు దాకా గుమ్మం దాటితే ఆ నారింజ రంగు జాకెట్ దాని ఒంటి మీద ఉండాల్సిందే. నీళ్ళకి ఎంత దూరంలో ఉన్నా సరే. రోడ్డులో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

నేను పదకొండో తరగతిలోనే చదువు మానేసినదాన్ని. పొడుగు వాక్యాల కాగితాలు చూస్తే అరచేతులు చెమట పడతాయి. వేలు పెట్టి మెల్లగా చదివాను. ఒక వాక్యం మాత్రం చప్పున అర్థమైంది. యాభై అడుగుల కంటే తక్కువ ఒడ్డు ఉన్న స్థలాలకు ఇకపై డాక్ ఉండరాదు. అడుగున లంగరేసి నీళ్ళ మీద తేలించే ప్లాస్టిక్ బుడగకు ఒక్క పడవ మాత్రం కట్టుకోవచ్చు.

మాది నలభై నాలుగు.

కర్ట్ పైకొచ్చి, నీళ్ళు కారుతున్న చేత్తోనే కాగితం లాక్కుని చదివాడు. కింద మినహాయింపు ఉంది: ముందు నుంచీ ఏటేటా మానకుండా డాక్ వేస్తున్నవాళ్ళకి ఈ నియమం వర్తించదు. ఒక్క సీజను మానినా హక్కు పోతుంది.

"ఓస్, ఇంతేనా" అన్నాడు అందరికీ వినపడేలా. "తాత అరవై ఒకటిలో వేశాడు. అప్పట్నుంచి ఒక్క ఏడూ మానలేదు."

ఆ మాట నా వైపు చూస్తూ అన్నాడు. చుట్టూ మనుషులున్నారు. నేను సెల్మా జాకెట్ పట్టీ సరిచేశాను. హిల్యా మామ్మ ఫ్లాస్కు మూత బిగించడం మొదలుపెట్టింది. అది అప్పటికే బిగించి ఉంది.

*

సాయంత్రం వంటింట్లో నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. కర్ట్ బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం మూడోసారి చదివాడు.

"ఆగస్టు రెండో మంగళవారం మీటింగు. అది అయ్యేలోపు ఇద్దరు ఓనర్లూ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. పెద్ద పనేం కాదు."

"ఇద్దరంటే నేను కూడానా?"

"స్థలం ఇద్దరి పేరునా ఉందిగా."

"కర్ట్, సెల్మా పుట్టిన ఏడు మనం డాక్ వెయ్యలేదు."

అతను తల ఎత్తలేదు. "వేశాం అనుకో."

"ఎప్పుడు వేశాం? మనం ఇక్కడ లేనే లేం."

"ఆగస్టులో వచ్చాంగా. వచ్చాక వేశాను. అంతే. ఎవడికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తుంది."

"నీకు గుర్తుంటే నీ దగ్గరే ఉంచుకో." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "డాక్ పోతే నా పనేమవుతుందో ఆలోచించావా? తెల్లారకముందు వచ్చే ఆ ముసలాళ్ళు మోకాళ్ళ నొప్పులతో నీళ్ళలో నడిచి పడవెక్కుతారా? అవతలి కొసన ఉన్న ఊరి రేవు నుంచి బయల్దేరితే చేపలుండే మన మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కుతుంది. ఎండెక్కాక వాలై చేప నోరు తెరుస్తుందా? చెప్పు."

అతను అన్నదంతా నిజం. చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళని తీసుకెళ్ళడం తప్ప కర్ట్‌కి వేసవిలో వేరే పని లేదు, వేరే పని మీద మనసూ లేదు.

ఆ వేసవి సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోం. ఆ మే మొదట్లోనే, డాకులు దించకముందే, నన్ను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. సెల్మా తొమ్మిది వారాల ముందే పుట్టింది. రెండు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో డెబ్బై ఎనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని దాని పొట్ట ఎగసిపడటం లెక్కపెట్టేదాన్ని. కర్ట్ కింద ట్రక్కులో పడుకునేవాడు. తిరిగి ఇంటికొచ్చేసరికి ఒడ్డున పేర్చిన డాక్ బల్లల సందుల్లోంచి గడ్డి మోకాలెత్తు పెరిగింది. కందిరీగలు గూడు కట్టుకున్నాయి. కర్ట్ దాని వైపు చూడను కూడా లేదు. పిల్లని ఎత్తుకుని లోపలికి వచ్చేశాడు.

*

జూన్‌లో ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే ప్రూయిట్ హద్దు దాకా వచ్చి నిలబడ్డాడు.

"డీనా, మీ మీద నాకు కోపమేం లేదమ్మా."

"మరి మీరే ఫిర్యాదు చేశారంటున్నారు."

"చేశాను." దాచుకోలేదు. "వచ్చే నెల మనవరాళ్ళు వస్తారు. వాళ్ళు ఈదేచోటికి పన్నెండడుగుల్లో మీ ఆయన మోటారు తిప్పుతాడు. టేపుతో కొలిచాను. పోయినేడు చిన్నది మునిగి తేలేసరికి పడవ పక్కనే ఉంది. మీ ఆయన చూడలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు."

నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. ఆయన మాట నాకు అర్థం కావడమే నాకు నచ్చలేదు.

"కౌంటీ వాళ్ళు విమానంలోంచి ఫొటోలు తీస్తుంటారు" అన్నాడు వెళ్ళబోతూ. "మూడేళ్ళ కిందట మీ డాక్ లేదని రోడ్డులో ఎవరో అన్నారు, ఆ ఏటిది తెప్పిస్తున్నాను. ముందే చెప్పడం మర్యాద కదా, అందుకని చెప్తున్నాను."

ఆ మధ్యాహ్నం సెల్మాని చంకనేసుకుని హిల్యా మామ్మ ఇంటికి వెళ్ళాను. యాలకుల రొట్టె అప్పుడే పొయ్యిలోంచి తీసింది. గోడకి ఒకే మేకుకి క్యాలెండర్లు దొంతరగా వేలాడుతుంటాయి, ఎన్నేళ్ళవో. మంచు ఎప్పుడు విడిపోయింది, లూన్ పక్షులు ఎప్పుడొచ్చాయి, ఎవరి డాక్ ఎప్పుడు పడింది, అన్నీ వాటి గళ్ళలోనే రాస్తుంది. రోడ్డులో ఏ పందెం వచ్చినా ఆ మేకు దగ్గరే తేలుతుంది.

"దేనికొచ్చావో తెలుసు, కూర్చో" అంది. మేకుకున్న దొంతర పైకెత్తి, మూడేళ్ళ కిందటిది లాగి నా ముందు పెట్టింది.

చూశాను. మే ఇరవై మూడు గడిలో, మా ఇంటిపేరుతో: నీమెలా పాప పుట్టింది. రెండు పౌన్ల తొమ్మిది ఔన్సులు. జూన్‌లో: నీమెలా వాళ్ళు ఆసుపత్రిలోనే. డాక్ లేదు. జూలైలో: ఆ ఒడ్డు ఇంకా ఖాళీ. కిటికీలోంచి చూడలేకపోతున్నాను. ఆగస్టు తొమ్మిదిలో, గడి చాలక పక్క గడిలోకి కూడా: పాప ఇంటికి వచ్చింది. నాలుగు రాత్రుళ్ళు ఏడుపు వినపడింది. దేవుడి దయ.

ఏడిస్తే దేవుడి దయ అని రాసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"మామ్మా, మీటింగులో నిన్ను అడుగుతారేమో."

"అడుగుతారు."

"ఏం చెప్తావు?"

సెల్మాకి రొట్టె ముక్క చల్లార్చి పెడుతూ అంది: "ఈ వయసులో అబద్ధం మొదలుపెట్టను. అలాగని మీ కొంప నా నోటితో ముంచను. అది నువ్వు తీసుకుపో. నా గోడ మీద లేనిది నేను చదవలేను కదా."

"తీసుకెళ్ళి ఏం చెయ్యను?"

"నీ ఇష్టం పిల్లా. చెత్తకుండీ మీ ఇంట్లోనూ ఉంది."

*

ఆ క్యాలెండరుని సెల్మా చలికాలం బట్టల కింద దాచాను. కర్ట్ కనిపెట్టాడు. ఎప్పుడో తెలియదు. జూలై ఆఖరి శనివారం ఆవిరి స్నానాలకి తువ్వాళ్ళు పట్టుకుని సౌనా గదికి వెళ్ళేసరికి, పొయ్యి పక్కన చితుకుల పెట్టెలో భూర్జ బెరడు పైన ఆ క్యాలెండరు ఉంది. కర్ట్ బయట కట్టెలు చీలుస్తున్నాడు.

"ఇవాళ పొయ్యి నువ్వు అంటించు" అన్నాడు గొడ్డలి ఆపకుండా.

మా ఇంట్లో సౌనా పొయ్యి ఎప్పుడూ కర్ట్ చేత్తోనే అంటుకుంటుంది. తాత నేర్పిన పని, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు.

"నేనెందుకు?"

"నీకు పనికిరాని కాగితాలేమైనా ఉంటే అవి కూడా వేసెయ్యొచ్చని."

గొడ్డలి దెబ్బ. ఇంకో దెబ్బ. నేను పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. సెల్మా గడప దగ్గర నిలబడి బెరడు ముక్కని విమానంలా ఎగరేస్తోంది. బెరడు పేర్చాను. చితుకులు పేర్చాను. క్యాలెండరు చేతిలోకి తీసుకున్నాను. దానంతట అదే ఆగస్టు దగ్గర తెరుచుకుంది. మామ్మ అక్షరాలు వంకరగా, పక్క గడిలోకి పాకి ఉన్నాయి.

అగ్గిపుల్ల గీశాను. బెరడు చిటపటమని నల్లటి పొగతో అంటుకుంది.

"అంటుకుందా?" అన్నాడు కర్ట్.

"అంటుకుంది" అన్నాను.

పెళ్ళయ్యాక అతనితో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. మాట వరకు చూస్తే అబద్ధం కూడా కాదు. క్యాలెండరు తువ్వాళ్ళ మధ్యన ఉంది. ఆ సాయంత్రం కర్ట్ చాలా రోజుల తర్వాత ఈల వేశాడు, సెల్మా తల మీద నీళ్ళు పోస్తూ జోకులు చెప్పాడు. నేను మాత్రం ఆ తువ్వాళ్ళు ఇంట్లో పెట్టేసి, వేరేవి తెచ్చాను.

*

టౌన్‌షిప్ హాలులో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. మడత కుర్చీలన్నీ నిండాయి. బోర్డు వాళ్ళు ఐదుగురు. మధ్యలో లైల్ కోర్పి. చలికాలంలో మా రోడ్ల మీద మంచు తోసేది ఆయనే. కర్ట్‌కి చిన్నప్పుడు బేస్‌బాల్ నేర్పింది కూడా ఆయనే.

ప్రూయిట్ ఫొటో చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా కాఫీ కప్పులు పెట్టారు.

"జూన్ పద్నాలుగున తీసింది. ఇదీ వాళ్ళ ఒడ్డు. ఇక్కడ డాక్ లేదు."

లైల్ కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "ప్రూయిట్ గారూ, నాకు కనపడుతున్నది ఒక చెట్టు. దాని కింద దాని నీడ. ఆ నీడలో డాక్ ఉందో, తిమింగలం ఉందో ఎలా చెప్పమంటారు?"

హాలంతా నవ్వింది. కర్ట్ కూడా నవ్వాడు. నా మోకాలి మీద అతని చెయ్యి ఉంది. ఆ చెయ్యి వదులైంది.

"హిల్యా, నువ్వేమైనా అంటావా?"

"నిన్న ఏం తిన్నానో కూడా క్యాలెండరు చూసే చెప్తాను లైల్" అంది మామ్మ. "ఆ ఏటిది నా గోడ మీద లేదు."

నా వైపు చూడలేదు.

"సరే. కర్ట్ సంతకం పెట్టాడు. డీనా, నువ్వు కూడా పెట్టేస్తే అందరం ఇళ్ళకి పోయి భోంచేస్తాం." కాగితం, పెన్ను నా వైపు జరిపాడు.

లేచి వెళ్ళాను. సెల్మా చంకన ఉంది. పెన్ను దాని గుప్పిట్లోకి పోయింది, విడిపించుకున్నాను. అంతమంది ముందు వేలు పెట్టి చదవడానికి సిగ్గేసింది. అయినా పెట్టాను. ఏటేటా, ప్రతి సీజనులోనూ, ఏ ఒక్క ఏడూ విడవకుండా. కింద కర్ట్ సంతకం, బాగా నొక్కి పెట్టినట్టుంది.

వేలు 'ఏ ఒక్క ఏడూ' దగ్గర ఆగింది. సెల్మా ఊపిరి నా మెడకి తగులుతోంది. నేను దాన్ని లెక్కపెడుతున్నానని కాసేపటికి తెలిసింది.

"ఆ ఏడు డాక్ లేదు" అన్నాను.

"ఏంటమ్మా?" అన్నాడు లైల్.

"మూడేళ్ళ కిందట. వెయ్యలేదు. మేం ఇక్కడ లేం. దీని దగ్గరున్నాం."

సంచీలోంచి క్యాలెండరు తీసి ఫొటో మీద పెట్టాను. అట్ట మీద భూర్జ బెరడు తునకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

లైల్ ఒక్కో పేజీ తిప్పాడు. ఆగస్టు దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ పేజీ పక్కవాళ్ళకి చూపించలేదు. ప్రూయిట్ కప్పులు పక్కకి జరిపి ఫొటోని చుట్టేశాడు. వెనక ఎవరో "అయ్యో పిచ్చిదానా" అన్నారు.

మా హక్కు పోయినట్టేనా అని బోర్డు వాళ్ళ చేత చేతులెత్తించారు. లైల్ చెయ్యి అందరికంటే ఆఖరున లేచింది. సెప్టెంబరు నెలాఖరులోగా డాక్ తియ్యాలి.

తిరిగి వస్తుంటే ట్రక్కు రైలుపట్టాలు దాటాక కర్ట్ అన్నాడు:

"ఒక్క సంతకం. నేను పెట్టలేదా?"

"పెడదామనే లేచాను."

"మరి?"

"అది కూడా మన ఏడే కదా కర్ట్. లేదని ఎలా రాసివ్వను?"

ఆ రోజు నుంచి అతను నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. కూర గిన్నె అందించమనడానికి కూడా సెల్మాతోనే చెప్పేవాడు. "అమ్మని ఉప్పు ఇమ్మను." సెల్మా ఆ ఆట బాగుందనుకుంది. డాక్ ఇంకా ఉన్నా దాని మీద కాలు పెట్టకుండా, మూడున్నరకే లేచి పడవని బండి మీద ఎక్కించుకుని అవతలి రేవుకి పోయేవాడు. చేపలకొచ్చే పాతవాళ్ళలో ఇద్దరు రావడం మానేశారు. నేను కిటికీ దగ్గర నిలబడి బండి వెనక ఎర్రదీపాలు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. నేను చేసింది తప్పో ఒప్పో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు కూడా కొన్ని ఉదయాలు తెలియదు.

*

సెప్టెంబరు ఆఖరి శనివారం కర్ట్ ఒక్కడే నీళ్ళలోకి దిగాడు. ఎవర్నీ పిలవలేదు. మొదటి బోల్టు విప్పేసరికి రోడ్డు మీంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి దిగారు. ఆఖరున ప్రూయిట్ వచ్చాడు. కొత్త రబ్బరు ప్యాంటు, దుకాణంలో మడత పెట్టిన గీతలు ఇంకా పోలేదు.

నీళ్ళలో అందరూ ఆగారు. కర్ట్ ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఆ పట్టీ గట్టిగా బిగించుకోండి. నీళ్ళు లోపలికి పోతే ఇక్కడ మోసేవాడెవడూ లేడు."

ప్రూయిట్ బిగించుకున్నాడు. కర్ట్ అన్నిటికంటే బరువైన బల్ల కొస ఆయనకిచ్చాడు. ఇద్దరూ దాన్ని ఒడ్డుకి మోసుకొచ్చారు. మధ్యలో ప్రూయిట్ రెండుసార్లు తూలాడు. దింపమని మాత్రం అడగలేదు.

"కుడికిరా, కుడికి" అని అరిచింది హిల్యా మామ్మ, ఎవరూ ఎటూ తిప్పనవసరం లేకపోయినా.

అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం సుత్తి చప్పుడికి బయటికి వచ్చాను. కర్ట్ బల్లల్ని ఎప్పటిలా దొంతర పేర్చలేదు. ఇంటి మెట్ల దగ్గర మొదలుపెట్టి, గడ్డి మీద ఒకదాని కొసన ఒకటి పరుస్తూ నీళ్ళ దాకా వెళ్ళాడు. ఆఖరి బల్ల అంచుకీ నీటికీ మధ్య జానెడు జాగా వదిలాడు. అవతల నీళ్ళలో మా ఒక్క పడవ తెల్ల బుడగకి కట్టి ఊగుతోంది. వేసవిలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు బురదలో జారకుండా అక్కడిదాకా రావచ్చు. ఆ పైన వాళ్ళని తనే మొయ్యాలనుకున్నాడేమో, అడగలేదు.

హిల్యా మామ్మ తన వరండాలోంచి అరిచింది. "ఒరేయ్, దీన్నేమని రాయను? డాక్ పడిందనా, లేదనా?"

"నియమం నీళ్ళ గురించే మామ్మా" అన్నాడు కర్ట్. "గడ్డి గురించి ఏం లేదు. నీకేం తోస్తే అది రాసుకో."

సెల్మా అప్పటికే బల్లల మీద బోర్లా పడుకుని, సందులోంచి కిందికి చూస్తోంది. "చేపలేవి?" అంటోంది.

"పొద్దెక్కింది, పడుకున్నాయి" అన్నాడు కర్ట్. సుత్తి కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అప్పుడు, సెల్మాతో కాకుండా, నాతోనే అన్నాడు: "ఆ జాకెట్ తియ్యి డీనా. కింద గడ్డే కదా."

వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. జాకెట్‌కి మూడు బకిల్సు. పైది తీశాను. మధ్యది తీశాను. నీటి అంచుకి జానెడు జాగా ఉంది, పడవ ఊగుతోంది, కర్ట్ చూస్తున్నాడు.

మూడోది అలాగే ఉంచాను. అతను వచ్చి మాకు, నీళ్ళకి మధ్యన కూర్చున్నాడు.